మామగారి కారు ఇండికేటరు గురించి పెద్దల్లుడి మాట

నా పేరు కడలి అప్పాజీ. తండ్రి చిట్టియ్య. వయసు యాభై నాలుగు. ఉండేది నరసాపురం. పెళ్ళిళ్ళకి షామియానాలు, కుర్చీలు, సీరియల్ లైట్లు అద్దెకిస్తాను. చదువు పదో తరగతి. పాసా, ఫెయిలా అని రైటరు గారు అడిగారు. ఈ కేసుకి దాంతో పనిలేదని ఎస్సై మేడమ్ గారు అన్నారు. వారికి నా ధన్యవాదాలు.

తణుకు దగ్గర మా అత్తవారి ఊళ్ళో, కాలవగట్టు రోడ్డు మీద, మొన్న ఆదివారం సాయంత్రం ఐదున్నర దాటాక మా మామగారి కారుకీ, జయపాల్ అనే అబ్బాయి మోటారు సైకిలుకీ జరిగిన యాక్సిడెంటు నేను చూశాను. కారు నడిపింది ఉదయ్‌కుమార్. మా ఆవిడ వీరవేణి చెల్లెలు పావని భర్త, అంటే నాకు తోడల్లుడు. ఒక ప్రైవేటు స్కూలు బస్సు నడుపుతాడు. ఇండికేటరు వేయకుండా కారు కుడివైపుకి తిప్పేశాడని జయపాల్ ఫిర్యాదు. కేసు పడితే ఉదయ్‌కుమార్‌ని స్కూలువాళ్ళు ఉంచరు. కారు కుడివైపు లైటు పగిలి ముక్కలైంది కాబట్టి అది వెలిగిందో లేదో ఇప్పుడు చూడటానికి వీల్లేదు. చూసినవాణ్ణి నేనొక్కణ్ణే. బంధువు మాట ఎలా నమ్మాలని మేడమ్ గారు అడిగారు. న్యాయమైన ప్రశ్న. అందుకని మా బంధుత్వం ఎలాంటిదో ముందు చెబుతాను.

మా మామగారు బుల్లబ్బాయి గారికి కంటి ఆపరేషన్ అయింది. సోమవారం రాజమండ్రి తీసుకెళ్ళి చూపించాలి. అల్లుళ్ళిద్దరం ఆదివారమే వచ్చాం. ఆయన పాత కారుకి ముందు ఇండికేటర్లు రెండూ వెలగడం లేదు. అది కనిపెట్టింది నేను. ఈ సంగతి ఆ ఇంట్లో ఇప్పుడెవరికీ గుర్తులేదు, అందుకని ఇక్కడ రాయమన్నాను.

తణుకు వెళ్ళి రెండు బల్బులు తెచ్చాను. పెళ్ళి పందిళ్ళకి వేల బల్బులు వెలిగించే మనిషిని, రెండు బల్బులు ఒక లెక్కా అనుకున్నాను. బానెట్ ఎత్తి, లోపల చెయ్యి పెట్టి, కుడివైపు పాత బల్బు ఊడదీశాను. కొత్తది ఎంత నొక్కి తిప్పినా కూర్చోలేదు. ఇంతలో మా అత్తగారు చిన్నమ్మాయి గారు పరుగున వచ్చారు.

"అయ్యయ్యో, అల్లుడుగారూ! ఈ మసి పని మీకెందుకండీ? మీరు రండి, కూర్చోండి."

అరుగు మీద కుర్చీ వేశారు. కూర్చున్నాను.

ఉదయ్‌కుమార్ వచ్చి బల్బు చేతిలో తిప్పి చూశాడు. "అన్నయ్యగారూ, ఇది వెనకాల వేసేదండి. ముందుకి పసుపు బల్బు కావాలి. దీనికి ఈ బుడిపెలు రెండూ ఎదురెదురుగా ఉన్నాయి చూడండి. పసుపుదానికి ఒకటి కాస్త పక్కకుంటది. మీరెంత తోసినా ఇది కూర్చోదండి."

"పోనీలే తమ్ముడూ, నేను కూర్చున్నాగా" అన్నాను.

నా బండి మీదే వెళ్ళి పసుపు బల్బులు తెచ్చాడు. స్టీరింగు ఒక పక్కకి తిప్పి, చక్రం వెనకాల ప్లాస్టిక్ మూత తీసి, అందులోంచి చెయ్యి పెట్టాడు. అలా పెట్టాలని నాకు తెలియదు. అత్తగారు పక్కన గొంతుక్కూర్చుని ఫోను టార్చి పట్టారు.

"ఉండత్తా, కదపకు. కొంచెం ఇటు పట్టు" అంటున్నాడు.

"ఏంటయ్యా ఆ కంగారు? చెయ్యి కోసుకుంటావు. మొండిమనిషివి, చెబితే వినవు కదా!" అని ఆవిడ తిడుతున్నారు.

పెళ్ళై ఇరవై ఏడేళ్ళయింది. ఆవిడ నన్ను ఒక్కసారీ తిట్టలేదు. అతని చేతులకి గ్రీజుందని జంతికలు నోట్లో పెట్టారు. నాకు ప్లేటులో పెట్టి, పక్కన మంచినీళ్ళ గ్లాసు పెట్టారు. అతని నుదుటికి చెమట పడితే కొంగుతో తుడిచారు. నాకు ఆ ఇంట్లో చెమట పట్టే అవకాశం ఎప్పుడూ రాలేదు. కుర్చీ వేస్తారు, కూర్చుంటాను.

రెండు లైట్లూ వెలిగాయి. అత్తగారు చప్పట్లు కొట్టారు. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి చూసి, "మా మరిది చేతిలో ఏదో ఉందండీ" అంది. నా చేతిలో ఖాళీ గ్లాసు ఉంది.

తరవాత అతను పెట్రోలు కొట్టించుకొస్తానని కారు తీసుకెళ్ళాడు. ఆడవాళ్ళు లోపలికి వెళ్ళారు. మామగారి కంటికి కట్టుంది. నేను కుర్చీ రోడ్డువైపు తిప్పుకున్నాను. ఎందుకంటే, కుళ్ళు. ఆ లైటు ఆరిపోతే చూడాలని. ఇది నిజం. కారు తిరిగొచ్చేటప్పటికి కుడివైపుది వెలగకూడదని, అప్పుడు అత్తగారిని కేకేసి చూపించాలని కూర్చున్నాను.

కారు తణుకు వైపు నుంచి వచ్చింది. మా అత్తవారి ఇల్లు దానికి కుడివైపు. గేటుకి ఇవతలే, రోడ్డుకి తన ఎడంపక్కన ఆగింది. కుడి ఇండికేటరు వెలిగింది. ఆరింది. ఆరిపోయిందని సంతోషించేలోగా మళ్ళీ వెలిగింది. అలా వెలుగుతూనే ఉంది. ఎదురుగా గడ్డి ట్రాక్టరు వస్తోంది. అది వెళ్ళేదాకా తిప్పకూడదని కారు అక్కడే ఉంది, కదల్లేదు. ట్రాక్టరు గేటు దాకా రాకముందే దాని వెనకాల నుంచి జయపాల్ బండి బయటికొచ్చింది. ట్రాక్టరుని దాటబోయి, రోడ్డుకి కారున్న పక్కకి వచ్చి, ఆగి ఉన్న కారు కుడి మూలకి కొట్టింది. అబ్బాయి పడిపోయాడు. ట్రాక్టరు ఆగకుండా వెళ్ళిపోయింది, ఎవరిదో తెలియలేదు. నేనూ, ఉదయ్‌కుమారూ ఎత్తి ఆటోలో పడుకోబెట్టాం. అతని కాలు విరిగింది. అతనికి తొందరగా నయం కావాలి. అయినా లైటు వెలిగింది.

సోమవారం జయపాల్ పెదనాన్న ముసలయ్య గారు నా దగ్గరికొచ్చారు.

"అప్పాజీ గారూ, మీ తోడల్లుడంటే మీకు గిట్టదని ఊరంతా తెలుసండి. ఎక్కువేం చెప్పక్కర్లేదు. లైటు ఎలగలేదని ఒక్క మాటనండి, చాలు. మా వాడికి ఆస్పత్రి ఖర్చులన్నా వస్తాయి."

నేను కాదనలేదు. అవుననలేదు. రాత్రంతా ఆ మాట నోట్లో తిప్పుకున్నాను. చాలా చిన్న మాట. లైటు వెలగలేదు. అంతే. అలా అంటే అతనికి బస్సు పోతుంది, ఆ ఇంట్లో చప్పట్లూ పోతాయి.

ఈ ఉదయం స్టేషనుకి బయల్దేరుతుంటే అత్తగారు గేటు దాకా వచ్చారు. "అల్లుడుగారూ, మీరు పెద్దవారు. ఉదయ్ బతుకు మీ చేతిలో ఉంది" అని రెండు చేతులూ జోడించారు. పెద్దావిడ నాకు దణ్ణం పెట్టారు. అదే అతనైతే చెవి పట్టుకుని, వెళ్ళి ఉన్నది చెప్పి రా అనేవారు. నేను ఉన్నది చెప్పే మనిషినని ఆవిడకి నమ్మకం లేదు. నేను ఏ మనిషినో తెలిసేంత దగ్గరికి ఆవిడ నన్నెప్పుడూ రానివ్వలేదు.

ఎలాగూ చెప్పేవాణ్ణే. కానీ ఆ దణ్ణం మాత్రం పెట్టకుండా ఉండాల్సింది.

మేడమ్ గారి ప్రశ్నకి నా జవాబు ఇది. అతని మంచి కోరేవాళ్ళు ఆ సాయంత్రం ఆ లైటు వైపు చూడలేదు, వాళ్ళకి ఆ అవసరం లేదు. అది వెలగకూడదని కోరుకుంటూ రెప్ప వెయ్యకుండా చూసినవాణ్ణి నేను. నాకే వెలుగుతూ కనిపించింది.

ఇది రైటరు గారు నాకు చదివి వినిపించారు. నేను "కుళ్ళు" అన్నచోట ఆయన మర్యాదకి "మనస్పర్థలు" అని రాశారు. కొట్టేయించాను. మా మధ్య మనస్పర్థలేమీ లేవు, అతనికి నా మీద గౌరవం. కుళ్ళు నాది. అదే ఉంచమన్నాను, నా మాటకి సాక్ష్యం అదొక్కటే కాబట్టి. పైన ఉన్నదంతా నేను చూసిందీ, నా నోటితో చెప్పిందీ. ఎవరి బలవంతమూ లేదు. ఉన్న బలవంతం వేరే మాట చెప్పమని, అది చెప్పలేదు.

(సంతకం)
కడలి అప్పాజీ