ఆరింటిలోపు సంతకం

మూర్స్‌విల్, నార్త్ కరోలినా. స్టాక్ కార్ల రేసుల్లో పాల్గొనే ఒక చిన్న జట్టు షెడ్డు, దాని వెనక వంటగది. జట్టు అక్కాతమ్ముళ్ళది, చెరి సగం: కోరీన్, వెర్నన్. రేసులు నడిపే లీగు కొత్త ఒప్పందం మీద సంతకాలకి పెట్టిన గడువు ఈ సాయంత్రం ఆరు.

“ఫోనెత్తడం లేదక్కా. బర్ల్ ఎత్తడం లేదు.”

“ఎత్తడులే. ఆ గిన్నె ఇటియ్యి.”

“హోయిట్ ఎత్తలేదు. లామార్ ఎత్తలేదు. ఒక్క జట్టు యజమాని ఎత్తితే ఒట్టు. మొన్న బర్ల్ ఇంట్లో పంది మాంసం తింటూ ఒకరి భుజం ఒకరు చరుచుకున్నవాళ్ళేగా వీళ్ళంతా.”

“తిన్నారు, చేతులు కడుక్కున్నారు. గిన్నె ఇటియ్యమన్నానా?”

“చేతిలో చెయ్యి వేసి అనుకున్నాం. టీవీ డబ్బులో మా వాటా పెంచండి, రేసులో మా చోటు మాకు శాశ్వతంగా రాసివ్వండి, ఈ రెండూ లేకపోతే ఒక్కడూ సంతకం పెట్టడని.”

“అనుకున్నారు.”

“రెండేళ్ళు మాట్లాడామక్కా. రెండేళ్ళూ లీగువాళ్ళు కాఫీలు పోసి, చూద్దాం, చూద్దాం అన్నారు. తీరా ఇవాళ ఆ ఒప్పందం మెయిల్లో పంపించి ఆరింటిలోపు సంతకం పెట్టండి, లేదంటే మీ చోటు పోయినట్టే అంటున్నారు. అందులో ఒక్క మాట మారలేదు. కారు కట్టేది మనం, డ్రైవర్‌ని పెట్టుకునేది మనం, వాడు గోడకి గుద్దితే తెచ్చి అతికించుకునేది మనం. వాళ్ళేమో టీవీవాళ్ళ దగ్గర…”

“నాకెందుకు చెప్తావు? నేనేమన్నా లీగునా? ఉల్లిపాయలు తరుగు. చేతులు ఖాళీగా ఉంటే ఫోను మీదకే పోతున్నాయి.”

“నువ్వు పెట్టేశావుగా.”

“పెట్టేశాను. నా సగం నేను పెట్టాను. నీ సగం కోసం ఆగింది.”

“నన్నడక్కుండా.”

“రెండేళ్ళుగా నువ్వు నన్నడిగి చేశావా ఇదంతా?”

“ఈ చాకు తెగట్లేదు.”

“తెగుతుంది. నొక్కు.”

“మోగుతోంది, మోగుతోంది. బర్లే అయ్యుంటాడు. కాదు. లీగు ఆఫీసు. ప్రెంటిస్.”

“మాట్లాడు.”

“హలో. ఆఁ, చూశాను. లేదు, ఇంకా లేదు. ఎంతమంది? హోయిట్ కూడానా? సరే. విన్నాను, ప్రెంటిస్. విన్నానన్నానుగా.”

“ఏమంటాడు?”

“చాలామంది పెట్టేశారట. అందరికంటే ముందు హోయిటేనట. నేనూ, బర్లూ, ఇంకెవడో మిగిలామట. బర్ల్ కూడా మెత్తబడుతున్నాడట. మన నాన్నంటే తనకి గౌరవం కాబట్టి నాకీ మాట చెప్తున్నాడట.”

“మరింకేం?”

“అబద్ధమేమో.”

“అయితే హోయిట్‌నే అడుగు.”

“ఎత్తితేగా అడగడానికి. నిజమేలే. సంతకం పెట్టనివాడికి ఫోనెత్తడానికి భయమేంటి?”

“ఉల్లిపాయ సన్నగా తరుగు. షెడ్డులోవాళ్ళు తినాలిగా, ఆర్విల్‌కి లావు ముక్కలు పడవు.”

“హోయిట్ సంగతి వదిలెయ్. బర్ల్ అలా చెయ్యడక్కా. మన లారీ దారిలో ఆగిపోతే తన లారీలో చోటు చేసి మన కారు రేసుకి చేర్చినవాడు.”

“నాన్నకి ఏం జరిగిందో తెలుసుగా నీకు.”

“ఇప్పుడు నాన్నెందుకు?”

“నువ్వప్పటికి చంకలో ఉన్నావు. ట్రాకు మీద ఎవరి కారైనా బోల్తాపడి పసుపు జెండా ఊపితే, ఇక ముగింపు గీతదాకా ఎవరూ ఎవర్నీ దాటకూడదని డ్రైవర్లలో వాళ్ళకి వాళ్ళకి ఒక మాట ఉండేది. రాతకోతల్లేవు. ఉత్త మాట. ఆ రోజు నాన్న ముందున్నాడు. జెండా చూసి ఆక్సిలరేటర్ మీంచి కాలు తీశాడు. వెనకవాడు తియ్యలేదు. దాటిపోయి కప్పు పట్టుకుని ఫోటో దిగాడు. ఏమయ్యా అని అడిగితే నాకు జెండా కనబడలేదన్నాడు. ఆ చలికాలమంతా అమ్మ మేజోళ్ళ మిల్లులో రెండు షిఫ్టులు చేసింది. నీకు పాలు నేను కలిపిచ్చాను.”

“నాన్న దాని గురించి ఎప్పుడూ బాధపడలేదు.”

“నాన్న పడలేదు. అమ్మ పడింది.”

“పెట్టకపోతే ఏమవుతుంది? ప్రతి ఆదివారం రేసుకి ముందు విడిగా పరుగెత్తి, టైము చూపించుకుని లోపలికి రావాలి. మన కారు ఆమాత్రం పరుగెత్తదా?”

“పరుగెత్తని వారం? ఊరగాయల కంపెనీవాళ్ళు ఏమన్నారో నువ్వే చెప్పావు. చోటు ఖాయంకాని కారు మీద మా బొమ్మ వెయ్యం అన్నారు. వాళ్ళు పోతే టైర్లు ఎవరు కొంటారు? డెలానో పెళ్ళానికి నెలలు నిండాయి. ఆర్విల్ ఇప్పుడే ఇల్లు కొనుక్కున్నాడు. ఇంకాసేపటికి వాళ్ళంతా చేతులు తుడుచుకుంటూ ఇక్కడికి తిండికొస్తారు. ఏం చెప్పమంటావు? మావాడు మాట మీద నిలబడ్డాడు, మీరు ఇళ్ళకి వెళ్ళండి అనా?”

“నన్ను ద్రోహిని చేస్తున్నావక్కా.”

“ఎవరికిరా ద్రోహం? అందరూ పెట్టేశాక నువ్వు పెడితే అది ద్రోహమెలా అవుతుంది?”

“బర్ల్‌కి ఒక్కసారి. ఇదే ఆఖరు.”

“చెయ్యి. నేను వద్దన్నానా?”

“మోగుతోంది. మోగుతూనే ఉంది.”

“ఇంకా ఎంతసేపు?”

“పెట్టేశాను. ఎత్తలేదు. వీడు కూడా అంతేనన్నమాట. టైమెంత?”

“ఆరు కాబోతోంది.”

“థూ. ఇదీ ఒక బతుకేనా. ఎక్కడ గీయాలి, ఇక్కడేనా?”

“ఇక్కడ. తెర మీద వేలితో గీస్తే చాలట. కింద ఇంకోటుంది.”

“పోయింది.”

“ఉల్లిపాయ చేతులతో కళ్ళు తుడుచుకోకు.”

“ఉల్లిపాయ కాదులే.”

“తెలుసు. కార్న్‌బ్రెడ్ తీశాను, చిక్కుడు గింజలు ఉడికాయి. బయటవాళ్ళని పిలువు.”

“ఆగు. మళ్ళీ ఫోను. బర్ల్.”

“తిన్నాక మాట్లాడుదువుగాని.”

“లేదు, స్పీకర్లో పెడతాను, నువ్వూ విను. ఏ మొహం పెట్టుకుని మాట్లాడతాడో చూద్దాం. ఏం బర్ల్, ఇప్పటికి తీరిందా దొరవారికి?”

“ఇప్పుడే తీరింది వెర్నన్, ఆరు దాటిందిగా. హోయిట్‌తో మాట్లాడాను, లామార్‌తో మాట్లాడాను, అందరితోనూ అయింది, నువ్వే ఆఖరు. ఒక్కడూ పెట్టలేదు. మిగతావాళ్ళంతా పెట్టేశారని ప్రెంటిస్ పొద్దుట్నుంచీ ఒక్కొక్కడికీ మెయిల్ మీద మెయిల్ కొట్టాడట. ఇక రేపు లీగువాళ్ళే మన గుమ్మాల ముందుకొస్తారు. ఒక్క జట్టు జారినా మన పని అయిపోయేది.”

“మరి మీరెవరూ ఫోన్ ఎందుకు ఎత్తలేదు?”

“అదేంటి అలా అడుగుతావు? ఆరు దాటేదాకా ఎవరి ఫోనూ ఎత్తొద్దనేగా అందరికీ చెప్పాను, ప్రెంటిస్ గొంతు వింటే ఎవడో ఒకడు మెత్తబడతాడని. పొద్దున నీకు చేస్తే నువ్వు ఇంజను దగ్గరున్నావని మీ అక్క తీసింది. అంతా విని, నీకు చెప్తానంది.”