ఆయుధపూజనాడు పొయ్యి మీది జాలీ

నా పేరు కదిరమ్మ. మా ఆయన పేరు చెన్నరాయప్ప, ఇప్పుడు లేడు. నా వయసు నలభై దాటింది. సరిగ్గా ఎంతో మా అత్తకు కూడా తెలియదు. ఊరు వైట్‌ఫీల్డును ఆనుకుని ఉన్న హగదూరు. వృత్తి, వైట్‌ఫీల్డులో పెరీరా దొరగారి బంగళాలో గిన్నెలు తోమడం, వాళ్ల తోటలో మాంసం కాల్చే పొయ్యిని శుభ్రం చేసి చూసుకోవడం. రైటరు గారు మొదట "పనిమనిషి" అని మాత్రమే రాశారు. పొయ్యి సంగతి కూడా రాయమన్నాను. ఈ కేసంతా ఆ పొయ్యి గురించే కదా.

ఇది 1943 అక్టోబరు నెల. ఈ రోజు విజయదశమి. పోలీసు స్టేషనులో ఇన్‌స్పెక్టరు గారి ఎదుట నిలబడి చెబుతున్నాను. నాకు కన్నడం వచ్చు కానీ కోపం వస్తే తెలుగే వస్తుంది, కాబట్టి తెలుగులో చెబుతానన్నాను. రైటరు గారు తెలుగులోనే రాసుకుంటున్నారు.

పెరీరా దొరగారు రైల్వేలో పనిచేసి రిటైరైనవారు. తోటలో పనసచెట్టు పక్కన ఇటుకలతో నడుమెత్తు పొయ్యి కట్టించుకున్నారు. దాని మీద ఇనుప కమ్మీల జాలీ ఉంటుంది. ఆదివారం సాయంత్రం చుట్టాలను, స్నేహితులను పిలిచి దాని మీద మాంసం కాలుస్తారు. ఏ మాంసమో నేనడగను. అది తినేవాళ్ల సంగతి. నాకు ఇనుముతోనే పని.

నేను పనిలో చేరినప్పుడు ఆ జాలీ ఎట్లా ఉండేదో ఎవరినైనా అడగండి. కమ్మీకీ కమ్మీకీ మధ్య కొవ్వు గడ్డకట్టి, దాని మీద తుప్పు, ఆ తుప్పు మీద చీమలు. అంతకుముందు ఉన్నామె నీళ్లు గుమ్మరించి పోయేదట. ఒకసారి బట్లరు ఆవులప్ప కూడా కాలుతున్న కమ్మీల మీద చెంబెడు నీళ్లు పోశాడు. చివరి కమ్మీ వంగిపోయింది. ఇప్పటికీ వంకరగానే ఉంది, జాలీని ఇక్కడే ఆ మూల పెట్టారు కదా, చూసుకోండి.

నేను చేసే పద్ధతి వేరు. సోమవారం పొద్దున ఎండు కొబ్బరిమట్టలు పొయ్యిలో వేసి ఇంకోసారి మంట పెడతాను. అంటుకున్న కొవ్వంతా మాడి పొడి అవుతుంది. పాత తాపీతో గీకుతాను. కొబ్బరిపీచుతో ఇటుకపొడి అద్ది ఒక్కొక్క కమ్మీనీ కింద, పైన, పక్కల రుద్దుతాను. కొంచెం వేడి ఉండగానే సగానికి కోసిన ఉల్లిగడ్డతో తుడుస్తాను. చివరికి ఆముదం పట్టిస్తాను. వానాకాలంలో గోనెపట్టా చుట్టి, పైన రేకు కప్పుతాను. పొయ్యిలో బూడిద ఒక్కరోజు కూడా నిలవనివ్వను, చెమ్మ పట్టి ఇటుకల్ని తినేస్తుంది. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఫిర్యాదులో నన్ను "జాలీని ఎత్తుకుపోయిన ఆడది" అని రాశారు. ఆ జాలీని జాలీగా ఉంచిందే నేను.

ఇక నిన్నటి సంగతి.

నిన్న మహర్నవమి, ఆయుధపూజ. మన ఊళ్లలో ఆరోజు ఎవరి పనిముట్లు వాళ్లు కడిగి, పసుపు కుంకుమ పెట్టి, పువ్వు పెట్టి పక్కన ఉంచుతారు. ఆరోజంతా వాటితో పని చెయ్యరు. సంవత్సరమంతా కూడు పెట్టే ఇనుముకు ఒక్కరోజు విశ్రాంతి. నాకు నాగలి లేదు, మగ్గం లేదు, కత్తి లేదు. నాకున్నది ఆ జాలీ, ఆ పాత తాపీ. చేరిన ఏటి నుంచీ ప్రతి ఆయుధపూజకూ వాటికి పూజ చేస్తున్నాను. దొరసానమ్మకు తెలుసు. మొదటి ఏడు ఆమే వచ్చి చూసి, "బాగుండాది కదిరమ్మా, పువ్వులు పెడితే మా పొయ్యే పెండ్లికూతురు అయిపొయ్యింది" అని నవ్వింది. నిన్న పొద్దున కూడా అడిగాను. "అమ్మా, ఈ పొద్దు పొయ్యి అంటించేది లేదు కదా?" అంటే, "లేదు లేదు, నీ పూజ నువ్వు చేసుకోపో" అంది. ఇది ఆమె నోటి మాట. రాసుకోండి.

నాకొక్కదానికే కాదు, ఆ బంగళాలో అందరికీ పూజే. డ్రైవరు వెంకటేశప్ప కారు కడిగి, చామంతి దండ వేసి, గుమ్మడికాయ కొట్టి షెడ్డులో పెట్టి తాళం వేశాడు. "ఈ పొద్దు బండి తీసేది లేదు సార్" అని దొరగారికి చెబితే దొరగారు సరేనన్నారు. బట్లరు ఆవులప్ప తన కత్తులన్నీ పళ్లెంలో పరిచి, కుంకుమ పెట్టి, వంటింటి గూట్లో పెట్టాడు. ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

మధ్యాహ్నం దొరగారి అల్లుడు వచ్చాడు. సైన్యంలో కెప్టెను, సెలవు మీద వచ్చాడు. వెంట స్నేహితులు. కారు తీయరు కాబట్టి వాళ్లంతా స్టేషను నుంచి జట్కాల్లో వచ్చారు. దానికెవరికీ కోపం రాలేదు. వచ్చీ రాగానే అల్లుడు తోటలో మాంసం కాల్చాలన్నాడు. ఆవులప్ప మాంసం కోయడానికి పక్క బంగళా నుంచి కత్తి అడిగి తెచ్చుకున్నాడు. తన కత్తులకు పూజ కదా! ఆ ఎరువు కత్తితో మాంసం కోస్తూ నా దగ్గరికొచ్చి, "బేగ పొయ్యి అంటించు కదిరమ్మా" అన్నాడు.

నేను, "నీ కత్తులు యాడుండాయప్పా?" అని అడిగాను.

"గూట్లో ఉండాయి. పూజ కదా."

"నా జాలీకి కూడా పూజే కదప్పా."

ఆవులప్ప పగలబడి నవ్వాడు. "దొరలు పందుల్ని కాల్చే ఇనుముకి పూజేందే? దేవుడు చూస్తే నగుతాడు" అన్నాడు.

అయ్యా, అతని కత్తులు కోసేది మాత్రం ఏమిటి? తులసి దళాలా? అవే పందులు, అవే కోళ్లు. అతని కత్తి కోసిందే నా జాలీ మీదికి వస్తుంది. కత్తి దేవుడట, జాలీ నవ్వులాటట. నాకు అప్పుడే ఒళ్లు మండింది. అయినా నోరు జారలేదు. "రేపు పొద్దున నేనే వచ్చి అంటిస్తానని చెప్పు. ఈ పొద్దు ఇటుకలు పేర్చి దాని మీద ఏ రేకైనా పెట్టి కాల్చుకోమను" అన్నాను. అది అతను ఇంగ్లీషులో అల్లుడికి ఎట్లా చెప్పాడో దేవుడికే తెలియాలి. అల్లుడు ముఖం ఎర్రగా చేసుకుని వచ్చాడు.

నేను జాలీని పనసచెట్టు కింద పీట మీద పెట్టి ఉంచాను. పసుపు ఇంకా తడి ఆరలేదు. అల్లుడు నేరుగా ఆ పీట దగ్గరికే పోయాడు. బూటుకాలితో పువ్వులను పక్కకు తన్నాడు. తాపీని కూడా తన్నాడు. కుంకుమ ఉన్న జాలీని ఎత్తి పొయ్యి మీద పడేశాడు. కిందికి బొగ్గులు కుమ్మరించమని ఆవులప్పకు సైగ చేశాడు. ఆవులప్ప కుమ్మరించాడు. దొరసానమ్మ వరండాలో నిలబడి ఉంది. నేను ఆమె వైపు చూశాను. ఆమె చేతిలో విసనకర్ర ఉంది, విసురుకుంటూ తోట అవతలికి చూసింది. కారుకు సరేనన్న దొరగారి నోరు అప్పుడు పెగల్లేదు.

అగ్గిపుల్ల ఇంకా గీయలేదు. నేను వెళ్లి జాలీని ఎత్తుకున్నాను. తలమీద గుడ్డచుట్ట పెట్టుకుని, దాని మీద పెట్టుకుని, పెద్ద గేటు నుంచే బయటికొచ్చాను. పెరటి గేటు దగ్గరే ఉన్నా అటు పోలేదు. వాచ్‌మన్ సొన్నప్ప గేటు తీశాడు. "ఏందక్కా ఇది?" అన్నాడు. "రేప్పొద్దున తెస్తానప్పా, పూజ చేసిన ఇనుముని కాలితో తంతా ఉండారు" అన్నాను. సొన్నప్పను పిలిపించి అడగండి. అప్పుడు ఎండ ఉంది. రోడ్డు మీద జట్కావాళ్లు, పూజ చేసుకున్న కమ్మరివాళ్లు, అందరూ చూశారు. దొంగతనం చేసేవాళ్లు తలమీద పెట్టుకుని పట్టపగలు పెద్ద గేటు నుంచి వస్తారా? ఇదెక్కడి దొంగతనం?

యుద్ధం రోజుల్లో ఇనుముకు గిరాకీ కాబట్టి పాత సామాన్లవాడికి అమ్ముకోవడానికి తీసుకుపోయానని ఫిర్యాదులో ఉందట. ఇది ఆవులప్ప చెప్పిందే అయి ఉంటుంది. అమ్మేదాన్నయితే తీసుకుపోయి ఇంటి ముందు అందరికీ కనబడేట్టు ఎందుకు పెడతాను?

ఇంటి దగ్గర మా అత్త అక్కయమ్మ వాకిట్లోనే ఆపింది. "దొరలు ఏమేమో కాల్చిన ఇనుముని ఇంట్లోకి తెస్తావేమే? నాకు మడి లేదనుకుంటివా?" అని అరిచింది. సరే, లోపలికి తేలేదు. అరుగు మీదే పెట్టాను. మళ్లీ పసుపు, కుంకుమ పెట్టాను, దీపం పెట్టాను. వీధి అంతా చూసింది. కాసేపు తిట్టి తిట్టి, మా అత్తే లోపలినుంచి రెండు చామంతులు తెచ్చి నా చేతిలో పెట్టింది. దాని మీద మాత్రం తాను పెట్టలేదు.

ఈ ఉదయం తెల్లవారగానే కుంకుమ తుడిచాను, ఆముదం పట్టించాను, తలమీద పెట్టుకుని బంగళాకు పోయాను. చెప్పిన మాట ప్రకారం పోయాను. గేటు దగ్గర కానిస్టేబులు పట్టుకున్నాడు. "దొంగసొత్తుతో పారిపోతుంటే దొరికింది" అని రాసుకున్నాడు. అయ్యా, నేను తెచ్చి ఇస్తున్నాను. లోపలికి పోతున్నదాన్ని పట్టుకుని బయటికి పారిపోతోందని రాస్తే ఎట్లా? నా ముఖం ఎటు ఉందో కూడా చూడలేదా?

స్టేషనులో నన్ను బెంచీ పక్కన కూర్చోబెట్టారు. ఎదురుగా గోడకు తుపాకులు వరుసగా నిలబెట్టి ఉన్నాయి. ఒక్కొక్క దానికీ కుంకుమ బొట్టు, మల్లెదండ. లాఠీలకు కూడా బొట్లు పెట్టారు. చేతిసంకెళ్లకు కూడా పెట్టారు. నేను ఇన్‌స్పెక్టరు గారిని అడిగాను. "అయ్యా, నిన్న మీ తుపాకీని ఎవరైనా బూటుతో తన్ని ఎత్తుకుని కాల్చబోతే ఊరుకుందురా?" ఆయన ఆ ప్రశ్న రాయొద్దని రైటరు గారితో అన్నారు. నేను రాయాలన్నాను. రాశారు.

తర్వాత ఇన్‌స్పెక్టరు గారు మంచిగానే చెప్పారు. దొరగారు కబురు పంపారట. "తెలియక తప్పు చేశాను, క్షమించండి" అని ఒక్క మాట రాయిస్తే ఫిర్యాదు వాపసు తీసుకుంటారట, పనిలో కూడా ఉంచుకుంటారట. కేసు నడిస్తే దొంగ అన్న మచ్చ పడుతుంది, వైట్‌ఫీల్డులో ఏ బంగళావాళ్లూ గడప తొక్కనివ్వరు అన్నారు. అది నిజమే. నాకు తెలుసు. మా అత్తను పెట్టుకుని బతకాలి. ఆ పని పోతే నాకు ఇంకో పని లేదు.

అయినా ఆ మాట రాయించను. తెలియక చేసింది కాదు. తెలిసే ఎత్తుకున్నాను, తెలిసే తెచ్చాను. తప్పు అని నేనే ఒప్పుకుంటే, వచ్చే ఏడు కూడా వాళ్లు కాలితో తన్నొచ్చు, ఆవులప్ప తన కత్తులను గూట్లో పెట్టుకుని నవ్వొచ్చు. పిలిస్తే సోమవారం పోయి బూడిద ఎత్తుతాను, నాకు పొయ్యి మీద కోపం లేదు. పిలవకపోతే వాళ్ల ఇష్టం. కానీ దొంగను కాను. ఆ మాట ఎవరి దగ్గరా ఒప్పుకోను.

రాసినదాన్ని రైటరు గారు మొదటినుంచీ చదివి వినిపించారు. ఒకచోట "దొంగిలించిన జాలీ" అని ఉంది. అది నేను అన్న మాట కాదు. కొట్టేసేదాకా వేలిముద్ర వేయనన్నాను. ఆయన ఇన్‌స్పెక్టరు గారి ముఖం చూశారు. ఇన్‌స్పెక్టరు గారు తలాడించారు. నా ఎదుటే కొట్టేశారు. ఇప్పుడు ఇందులో ఉన్నదంతా నా నోటి మాటే, ఉన్నదున్నట్టే చెప్పాను.

కదిరమ్మ, ఎడమచేతి బొటనవేలి ముద్ర

కొట్టివేత ఒకటి. "దొంగిలించిన" అన్న మాట తీసివేసి, వాంగ్మూలం ఇచ్చినామె చెప్పిన ప్రకారం "నా" అని రాయడమైనది.