తెల్లమొహం

కెనడాలో మార్కమ్‌లోని కాలేజీలో చైనా కొత్త సంవత్సరం వేడుక. చైనా ఒపేరా నాటకాల వేషాలకు రంగులు వేయడం నేర్చుకున్న చరిత, తన క్లాస్‌మేట్ భరద్వాజ్‌ను కుర్చీలో కూర్చోబెట్టి కుంచె అందుకుంది. అద్దంలో తన మొహం తెల్లగా మారుతుంటే అతను మురిసిపోయాడు.

“తెలుపంటే మంచి మనసనేగా?”

“మనకి. వీళ్ల ఆటలో తెల్లమొహం కుట్రలు పన్నేవాడిది.”

“నేనేం కుట్ర పన్నాను?”

“ఎక్కడో దూరాన సస్కటూన్‌లో జాబ్ ఆఫర్ వచ్చిందని నా దగ్గర దాచావ్. మన క్లాస్ స్వీటీ చెప్పింది.”

“అయ్యో, తుడిచెయ్ తల్లీ! ఎరుపు వెయ్.”

“ఎరుపు నమ్మకస్తులకి.”

“పోనీ నలుపు?”

“నిజం మొహం మీదే చెప్పేవాళ్లకి. చెప్తావా?”

భరద్వాజ్ అద్దంలోంచి ఆమె వైపు చూశాడు.

“వచ్చింది. వద్దని మెయిల్ పెట్టేశా.”

“పిచ్చా నీకు? ఇక్కడ పార్ట్‌టైమ్ కూడా దొరక్క స్టూడెంట్స్ లైన్లు కడుతుంటే! ఎందుకు వద్దన్నావ్?”

“అక్కడ నువ్వుండవుగా.”

కుంచె అతని ముక్కు మీదే ఆగిపోయింది. ఆమె పెదవి కొరుక్కుని నవ్వాపుకోవడం అతనికి అద్దంలో కనిపించింది.

“వేషంలో ఉండి చెప్తే ఎలా నమ్మను? పోయి మొహం కడుక్కునిరా. అప్పుడు మళ్లీ చెప్పు.”

అతను కుళాయి ఎక్కడుందో కూడా అడక్కుండా పరుగెత్తాడు.