మెరక చేని మట్టి

హలో… హలో… ఆ, నేనే బావా. దేవసహాయాన్ని.

బందరు నుంచే. పోస్టాఫీసులోంచి… ట్రంకాలు బుక్ చేసి పొద్దున్నుంచీ ఈ బల్ల మీదే కూర్చున్నా. ఇప్పటికి కలిపారు.

అరవకు బావా, బాగానే వినపడుతోంది… ట్రంకాలయితే మాత్రం, బందరు దాకా వినపడేట్టు అరవాలా?

అందరూ బాగానే ఉన్నారు. ఇంట్లో హన్నా బాగానే ఉంది… చావు కబురు కాదు. భయపడకు. పరిగెత్తుకొచ్చావా?… కాస్త ఊపిరి పీల్చుకో.

మిల్లు గుమాస్తా గదిలోనే ఉన్నాడా?… మిల్లు కామందు పూర్ణచంద్రరావు గారో?… గుడివాడ వెళ్లారా. మంచిదే… పోనీలే, గుమాస్తాని ఉండనీ. నువ్వు ఆ, ఊ అను, చాలు.

మట్టి గురించి బావా.

మట్టే. మన మెరక చేను మట్టి. సొసైటీ కింద పాలెం వాళ్లందరికీ కలిపి ఇచ్చారే, ఆ భూమిది… ఆ, రిజల్టు వచ్చింది.

ఆగు… ఆగు, చెప్పనీ… స్తోత్రాలు తర్వాత చెల్లిద్దువుగాని.

తరికి పనికొస్తుందనే వచ్చింది. మొదటి తరగతి. కాలవ మీద ఆయిలింజను పెట్టి నీళ్లెక్కించొచ్చు, నారు నాటి వరి ఊడ్చుకోవచ్చు అని. రేపు పొద్దున మా ఆఫీసరు గారు సంతకం పెడతారు. అది సమితికి వెళ్తే ఇంజను వచ్చినట్టే.

…సంతోషంగానే ఉండాలి. కానీ లేను.

ఎందుకంటే… అది మన చేని మట్టి కాదు బావా.

…

హలో? ఉన్నావా?

…ఆ, ఆ మాటే అడుగుతావనుకున్నా.

నాకెలా తెలుసంటే… గుంట తవ్వింది మనిద్దరమే కదా. ఎండాకాలంలో. నెర్రెల్లో నీ కాలు ఇరుక్కుంటే ఎంత నవ్వుకున్నాం. నువ్వు గడ్డపలుగు పట్టావు, నేను లోపలికి దిగాను. నిలువెత్తు గుంట. నాలుగు పొరలు, పొరకో సంచీ. పైన నల్లటి జిగట మట్టి. ఆరితే ఇనుము, తడిపితే చేతిని వదలదు. బొటనవేలితో నొక్కుతుంటే జడ రిబ్బనులా సాగింది… ఆ, అక్కయ్యకి చూపించి నవ్వావు కూడా, నీ తమ్ముడు మట్టితో రిబ్బను చేస్తున్నాడని.

దాని కింద సున్నపు గడ్డలు. శనగ్గింజలంతేసి. ఆసిడ్ చుక్క వేస్తే సోడాబుడ్డి కొట్టినట్టు పొంగింది. ఆ అడుగున ఉప్పు. నాలిక మీద పెట్టుకు చూశా. ఒక పూటంతా నోరు బాగోలేదు నాకు.

అదీ మన మట్టి. లాబ్‌కి పంపగా సంచుల్లో మిగిలింది మా ఆఫీసు గదిలోనే ఉంది. రిజల్టు చూసి నమ్మలేక నిన్న సంచులు విప్పాను. సున్నపు గడ్డ ఒక్కటంటే ఒక్కటి లేదు. నత్తగుల్లలున్నాయి. బెడ్డ విరిస్తే లోపల సన్నగా తుప్పు గీతలు. అవి వరి వేళ్లు పోయిన దారులు బావా. నెలల తరబడి నీళ్లు నిలిచిన చేలోనే పడతాయి. మన మెరక మీద నీళ్లెప్పుడు నిలిచాయి? నోవహు జలప్రళయంలో నిలిచి ఉంటే ఉండాలి.

పైగా నాలుగు సంచుల్లోనూ ఒకటే మట్టి. పైపొరా అదే, అడుగు పొరా అదే. మా ఆఫీసరు గారు మురిసిపోయారు. "ఏమయ్యా, అడుగు దాకా ఒకే తీరుగా ఉంది, ఇంత చక్కటి నేల ఎక్కడ దొరికింది నీకు" అని… ఏం చెప్పను? మా అక్కగారి వసారాలో దొరికిందని చెప్పనా?

అవును, వసారాలోనే. జీపు మర్నాడు వస్తుందంటే సంచులు అక్కడే పెట్టి పడుకున్నా. ఒళ్లు తెలీని జ్వరం నాకు. పొద్దున్నే లేచి జీపులో వేసుకొచ్చేశా.

ఎవరు మార్చారు బావా?

…ఒట్టు పెట్టకు. నువ్వు ఒట్టు పెట్టినప్పుడల్లా నాకు అనుమానం ఎక్కువవుతుంది.

సరే, నువ్వు కాదు. నువ్వు కాకపోతే ఎవరో నీకు తెలుసు.

…ఏమిటీ? ఎవడికి నష్టమా?

మనకే బావా. పాలేనికే. విను… తిట్టుకో, కానీ విను. ఇప్పటికి ఎన్ని ఊళ్లలో చెప్పానో ఈ మాట. నందివాడలో చెప్పాను, ముదినేపల్లి అవతల చెప్పాను. చెప్పి చెప్పి నోరు పడిపోయింది. పరాయి ఊళ్లో చెప్పడం వేరు, నీతో చెప్పడం వేరు.

మొదటి ఏడు బ్రహ్మాండంగా పండుతుంది. నన్ను భుజాలకెత్తుకుంటారు. రెండో ఏడు అక్కడక్కడ దుబ్బులు ఎర్రబడతాయి. తెగులనుకుని మందు కొడతారు. మూడో ఏడు నీళ్లు ఆరగానే పైన తెల్లగా పేరుకుంటుంది… ఆ, చౌడు. ఆ తర్వాత ఆ చేను చాకిరేవుకి మట్టి తవ్వుకోడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. ఆ జిగటలో నీళ్లు కిందికి దిగవు. దిగే దారిలేక పైనే ఊరి, ఎండకి ఆరుతూ ఆరుతూ అడుగునున్న ఉప్పంతా పైకి లాక్కొస్తాయి. ఒకసారి వచ్చాక పోదు. మనకున్నది అదొక్కటే భూమి.

…పూర్ణచంద్రరావు గారి చేలో ఎందుకు రాదంటే, అది పల్లం. ఒండ్రు. దాని అడుగున ఇసుక పొర ఉంది, నీళ్లు దిగుతాయి, మురుక్కాలవలోకి పోతాయి. మనకిచ్చింది మెరక. నీళ్లెక్కని భూమి కాబట్టే మనదాకా వచ్చింది. నాకు మాత్రం కోపం లేదా? ఆ గుంటలో నిలబడి ఏడుపొచ్చింది నాకు. నువ్వు పైనున్నావు, చూడలేదు.

మెట్ట అని రాస్తే పనికిరాని భూమని కాదు బావా. మంచి మెట్ట రేగడి. కంది వస్తుంది, పత్తి వస్తుంది, మిరప వస్తుంది. జొన్న అయితే…

…

ఊఁ.

…తెలుసు. నేనూ తాగాను ఆ అంబలి. ఊడ్చేది మనం, కోసేది మనం, వరి అన్నం వాళ్లకి. నాకు చెప్తున్నావా? బందర్లో కుర్చీలో కూర్చుంటే మర్చిపోయాననుకుంటున్నావా?

…అను. ఎన్నయినా అను. ఒక్క మంచి మాట చెప్పడం చేతకాలేదు, నిజమే. ఏ ఊరికెళ్లినా కాదు, రాదు, పనికిరాదు… ఇదే నా ఉద్యోగం. విసుగొచ్చేసింది బావా. ఒక్క ఊళ్లోనన్నా అవును అని రాయాలని ఉండదా నాకు? అదీ మన ఊళ్లో?

ఆ, ఆపరేటరు గారూ… పొడిగించండి. మాట్లాడుతున్నాం, కట్ చెయ్యకండి.

హలో… బావా… ఆ, ఉన్నా.

గట్లు వేశారా?… ఎప్పుడు?… నారు కూడా పోశారా! రిజల్టు రాకుండానే ఎవరు పొయ్యమన్నారు?… "దేవసహాయం రాస్తాడు, తప్పకుండా రాస్తాడు" అని ఎవరన్నారు పాలెంలో?

అక్కయ్యా?… మరి?

…

ఏమన్నావు?

…మా అమ్మా?

సంచులు మార్చింది అమ్మా?

…అది వంగలేదు బావా. నడుం పట్టేసి మంచం దిగడానికే గోడ పట్టుకుంటుంది. నాలుగు సంచులు ఎలా మోసింది?… ఒక్కతేనా?… నువ్వు చూసి కూడా?… ఆ, దానికి అడ్డుపడేవాళ్లు ఎవరున్నార్లే.

ఎక్కడుంది ఇప్పుడు?… నీతో వచ్చిందా! మిల్లు బయటా?… ట్రంకాలంటే ఎవరు పోయారోనని పరిగెత్తుకొచ్చిందా, ఆ నడుంతో.

పిలు. ఫోను ఇవ్వు… తిట్టను. తిట్టే ఓపిక కూడా లేదు నాకు.

అమ్మా… అమ్మా…

బావా, తిరగేసి పట్టుకుంది. తీగ ఉన్న వైపు నోటి దగ్గరుండాలి. తిప్పు.

అమ్మా. ఆ, నేనే… తిన్నాను… తిన్నానమ్మా, హోటల్లో. హన్నా బాగానే ఉంది. నా జ్వరం అప్పుడే తగ్గిపోయింది.

…కోపం లేదు. అలిసిపోయాను, అంతే.

ఎక్కడి మట్టమ్మా అది?

…కాలవ పక్క ఎనిమిదెకరాలా. పూర్ణచంద్రరావు గారిది.

ఊఁ… ఆ గట్టు మీదే కదూ నన్ను గోనెపట్టా మీద పడుకోబెట్టి ఊడ్చేదానివి… గుర్తులేకేం… ఊఁ… నా బడి జీతాలన్నీ ఆ చేను కూలే. తెలుసమ్మా.

…ఆ మట్టి నిన్ను చదివించింది, నీ పరీక్ష కూడా ఆ మట్టే పాసవుతుందిలే అనుకున్నావా?

పాసయిందమ్మా. ఫస్టు క్లాసులో పాసయింది.

చాలా మంచి మట్టి. ఇన్ని తాలూకాలు తిరిగాను, అంత మంచి మట్టి నాకు తగల్లేదు. కానీ అది మనది కాదమ్మా. సంచీలోకెత్తినంత మాత్రాన మనదవదు.

…మనదా? మనది మెరక. నీళ్లు పెట్టకపోతే బతుకుతుంది. పెడితే మూడేళ్లలో చస్తుంది.

దొంగతనమా?… నాలుగు సంచుల మట్టికి ఎవరూ ఏమీ అనర్లే. దానికి భయపడకు. నాకు భయమల్లా… ఆఫీసరు గారు రేపు సంతకం పెట్టేస్తే, మూడేళ్ల తర్వాత ఆ చౌడులో నిలబడి పాలెమంతా ఒకరి మొహం ఒకరు చూసుకుంటారే, అదమ్మా. అప్పటికి ఇంకో భూమి ఎవరిస్తారు మనకి?

అవును. ఆయనకి చెప్పేస్తాను. సంచులు మారాయి, నేను జాగ్రత్తగా లేను అని… నీ పేరెందుకు చెప్తాను? ఉద్యోగం పోదులే. నాలుగు చివాట్లు పెట్టి మళ్లీ గుంట తవ్వమంటారు. ఈసారి సంచులు తలకింద పెట్టుకుని పడుకుంటా.

…నవ్వావా? నవ్వు, ఫరవాలేదు.

పాలేనికి నువ్వు చెప్పకు. నీ మీద పడతారు. ఆదివారం నేనే వస్తాను. గుళ్లో ప్రార్థనయ్యాక, అయ్యగారిని అడిగి, నేనే లేచి చెప్తాను… కొడతారా? కొట్టనీ. నారు పోసుకున్నవాళ్లు, ఆ మాత్రం కోపం ఉండదా.

…ఏమిటమ్మా?

మళ్లీ చెప్పు. మిల్లు చప్పుడుకి వినపళ్లేదు.

…

లేదమ్మా.

ఒక్క ఏడు కూడా వద్దు. ఒక్క మడి కూడా… నీ కోసమని పెడితే, పక్కవాళ్లూ పెడతారు. నువ్వు బతికుండగా సొంత చేలో నాటు వెయ్యాలని… తెలుసమ్మా. చిన్నప్పట్నుంచీ వింటున్నా. నేను మట్టి చదువుకి వెళ్లిందే…

రాదమ్మా. నేను రాసినా రాదు, రాయకపోయినా రాదు.

…

అమ్మా? ఏడుస్తున్నావా?

…

ఈ ఏడు ఎక్కడా కూలికి దిగలేదా? ఎందుకని?… మన చేలో దిగాకే దిగుతానని కోటమ్మతో పందెం వేశావా. ఈ వయసులో నీకు పందేలేంటమ్మా.

…మన చేలోనా? కంది వేద్దాం. నేను ఇత్తనాలు పంపిస్తాను. కంది మంచిదమ్మా, నడుం వంచక్కర్లేదు… ఆ, నిలబడి కోసుకోవచ్చు.

…ఏమిటీ?… ఎక్కడికి?

కోటమ్మ నాట్ల ముఠా అన్నాలు తిని మళ్లీ చేలోకి దిగుతోందా? దిగితే నీకెందుకు?… అమ్మా, వద్దు. ఆదివారం దాకా ఆగు, నేను వస్తున్నా కదా. నీ నడుం… అమ్మా, నా మాట విను. నేను పంపించేది చాలదా?… కూలి కోసం కాదా? మరెందుకే?

హలో?… అమ్మా?

…బావా. నువ్వా. అమ్మేదీ?

ఎటు?… ఏ చేలోకి?

…

ఆ ఎనిమిదెకరాల్లోకేనా.

…ఆపకు బావా. ఆపితే ఆగదు. అక్కయ్యని వెంట పంపించు… ఊడ్చనీ. నాటు వెయ్యడానికి దానికి దక్కిన చేను అదొక్కటే.

ఏమండీ?… లేదు ఆపరేటరు గారూ, ఇంక పొడిగించక్కర్లేదు. కట్ చేసెయ్యండి.