మూడో పిలుపు

మినెసోటాలో ఒక ఫిబ్రవరి మధ్యాహ్నం. బయట మోకాటిలోతు మంచు, వంటింట్లో అక్కచెల్లెళ్లు ఆర్డిస్, లవోన్. ఇద్దరి వయసూ కలిపితే నూట ముప్పై ఆరు. బల్లమీద పళ్లెంలో నిమ్మకాయ కేకు ఆఖరి ముక్క మిగిలింది, ఆఖరిది కాబట్టి, ఆ ఊరి మర్యాద ప్రకారం, ఇక దాన్ని ఎవరూ పూర్తి చెయ్యరు.

"...అది కాదే లవోనూ, శాన్ ఫ్రాన్సిస్కోలో వీధులు గోడల్లా నిటారుగా ఉంటాయట. అందుకే పెట్టెలో మంచు బూట్లు పెట్టుకున్నా."

"అక్కడ మంచు పడదు కదక్కా."

"మంచు పడకపోతే పోనీ, నేను పడకూడదుగా."

"అసలు ఎత్తులెక్కడం వచ్చా నీకు? మన ఊళ్లో ఎత్తంటే ధాన్యం గోదామొక్కటే."

"చర్చి మెట్లు రోజుకి ఇరవైసార్లు ఎక్కి దిగుతున్నా. నిన్న పాస్టరుగారు చూసి, 'ఆర్డిస్ గారూ, మనసులో ఏదైనా బాధ ఉంటే నాతో చెప్పుకోండి' అన్నారు."

"చెప్పుకున్నావా?"

"మోకాళ్లని చెప్పా."

"సరే, ఈ ఐసుపెట్టె ఏంటి?"

"హాట్‌డిష్. పోయిన అక్టోబరులో మన మేనల్లుడి పెళ్లికి శాన్ ఫ్రాన్సిస్కోనుంచి వచ్చినప్పుడు జీనో గారు మూడుసార్లు వడ్డించుకున్నారు, గుర్తుందా?"

"ఖీమా, బంగాళదుంపలు నాలుగు గంటలు ఒళ్లో పెట్టుకుని విమానంలో కూర్చుంటావా?"

"మరి ఒకరింటికి ఉత్తి చేతుల్తో పోతామేంటే!"

"అదీ నిజమే. గరిటె పెట్టావా?"

"రెండు పెట్టా."

"అక్కడికెళ్లాక ఆయన వండినవి కూడా తినాలిగా."

"పీతలు చేస్తారట. ముప్పై ఏళ్లు పీతల పడవ నడిపిన మనిషి."

"పీతల్ని ఎలా తింటారక్కా?"

"సుత్తితో పగలగొట్టుకుని."

"పరాయి మగాడింట్లో మొదటిరోజే సుత్తి పట్టుకుంటావా?"

"ఆయనే చేతికిస్తారటే! వెల్లుల్లి కూడా వేస్తారట."

"ఎంత?"

"కంటికి కనిపించేంత."

"అమ్మో! అమ్మ కాస్త మిరియప్పొడి చల్లితేనే నాన్న డాక్టర్ని పిలవమనేవాడు. సరే, అక్కడ భూకంపం వస్తేనో?"

"బల్లకింద దూరాలి."

"నీ మోకాళ్లతో బల్లకింద దూరితే మళ్లీ బయటికి లాగేదెవరు?"

"జీనో గారు."

"ఓహో. అన్నీ ఆలోచించుకునే ఉన్నావన్నమాట. మరి పడక?"

"వెనకగది ఖాళీయేనట. కిటికీలోంచి సముద్రం కనిపిస్తుందట."

"తలుపుకి గడియ ఉందా?"

"అడగలేదు."

"అడగలేదా, అడగడమెందుకులే అనుకున్నావా?"

"నోర్ముయ్యి."

"బావగారు పొద్దున్నే కాఫీ తాగుతారా, టీయా?"

"బావగారేంటే, సిగ్గులేకపోతే సరి! ఇంకా నేను వస్తానని కూడా అనలేదు. ఏమీ తెలియనట్టు మాట్లాడకు. ఆయన పిలిచింది రెండేసార్లు."

"క్రిస్మస్‌కి ఒకసారి. దానికి నువ్వేమన్నావు?"

"'అబ్బే, మీకెందుకు శ్రమ' అన్నా."

"పద్ధతిగానే అన్నావు. జనవరిలో?"

"ఇంటిదగ్గర కోళ్లని చూసేవాళ్లు లేరన్నా."

"నీకు కోళ్లెక్కడివి?"

"రెండోసారికి ఏదో ఒకటి అనాలి కదే!"

"అనాలి మరి. దానికాయన?"

"'సరే అయితే, మీ ఇష్టం' అని పెట్టేశారు."

"సరేనా? రానంటే సరే అనేస్తారా! ఏం మనిషక్కా?"

"కాలిఫోర్నియా మనిషి."

"అయ్యో పాపం."

"మూడోసారి అడిగితే 'ఊఁ' అందామని పెట్టె సర్దుకుని కూర్చున్నానే. ఐదు వారాలైంది. నాకిష్టం లేదనుకున్నారో ఏమో. ఈపాటికి ఆ వెనకగదిలోకి ఇంకెవర్నో పిలిచేసి ఉంటారు."

"పిలిచి ఉండరులే."

"నీకెలా తెలుసు? ఇలా ఇవ్వు ఫోను, నేనే చేసి వస్తున్నానని చెప్తా."

"వద్దు! ముట్టుకోకు! మూడో పిలుపు లేకుండా మన ఇంటావంటా ఎవరైనా వెళ్లారా? పోయిన హార్లన్ బావ కూడా మూడోసారి అడిగాకే కదా పెళ్లికి ఒప్పుకున్నావు?"

"ఆ మూడోసారికి రెండేళ్లు పట్టింది. కోతలయ్యాక అడుగుదామనుకుని మర్చిపోయాట్ట. అప్పుడు ఇరవై రెండేళ్లదాన్ని, ఆగాను. ఇప్పుడు డెబ్భై. ఆగలేనే లవోనూ."

"ఒక్క పావుగంట ఆగు."

"పావుగంటేంటి?"

"మాటవరసకన్నా. ఆ నీలం స్వెట్టరు వేసుకోరాదూ?"

"ఇంట్లోనా? దేనికి? అయినా ఇందాకట్నుంచి కిటికీలోకి చూస్తావేంటి మాటిమాటికీ?"

"మంచు పడుతోందేమోనని."

"నవంబరునుంచీ పడుతూనే ఉంది!"

"అదే, ఆగిందేమోనని. ఆ కేకు తినక్కా, మనసు కుదుటపడుతుంది."

"నువ్వు తిను."

"అబ్బే, నువ్వు తిను."

"పోనీ సగం చేస్తా."

"ఇప్పటికే మూడుసార్లు సగం చేశావు. ఇంకోసారి కోస్తే పొడి తప్ప ఏమీ మిగలదు."

"ఆ పెళ్లిలో కూడా ఇంతే. నూట ఇరవైమంది, పళ్లెంలో ఒక్క ముక్క. గంటసేపు అందరం దాన్ని చూసి నవ్వడం, కాఫీ పోసుకుని వెళ్లిపోవడం. ఆయనొచ్చి, 'ఇది ఎవరిదీ కాదా?' అని నోట్లో వేసేసుకున్నారు."

"అబ్బ, గుర్తుచెయ్యకు! ఇంగ్రిడ్ అత్త కాఫీ ఒళ్లో ఒంపుకుంది."

"అప్పుడే నాకు..."

"నీకు?"

"ఏం లేదు."

"అక్కా."

"నచ్చేశారే! ఏం చెయ్యను? పుట్టినప్పట్నుంచీ ఆఖరి ముక్కలు ఎండిపోవడమే చూస్తున్నా. ఒక్కటీ తినలేదు. నాకు సముద్రం చూడాలనుంది. ఆయన పక్కన నిలబడి చూడాలనుంది. ఎన్నిసార్లు పిలిస్తే అన్ని... ఛ!"

"అక్కా, ఏంటా... అక్కా! మొత్తం నోట్లో పెట్టేసుకున్నావా!"

"ఊఁ."

"ఆఖరి ముక్క!"

"ఊఁ. ఫోనియ్యి."

"పది నిమిషాలక్కా, నీకు దణ్ణం పెడతా..."

"నువ్వు తప్పుకో. హలో, జీనో గారా? నేను ఆర్డిస్‌ని. ఒక్క నిమిషం, మింగుతున్నా. ఆఁ. నేను మీ ఊరొస్తున్నానండీ. మీరు పిలవకపోయినా వస్తున్నా. కోళ్లు లేవు."

"అయ్యయ్యో, ఏమయ్యాయి ఆర్డిస్ గారూ? చచ్చిపోయాయా?"

"అసలెప్పుడూ లేవు! అబద్ధం చెప్పా. మీరు రెండుసార్లు పిలిచినప్పుడూ వద్దామనే ఉంది నాకు."

"ఎంత పని చేశారండీ! మీ నోట ఈ మాట ఇలా ఫోన్లో వినాలనుకోలేదు. ముప్పై గంటలు కారు నడుపుకుంటూ వచ్చానే, ఎదురుగా నిలబడి పిలుద్దామని!"

"వచ్చారా? ఎక్కడికి?"

"మీ గుమ్మంలోకి. మంచు కుప్ప పక్కన పలచటి కోటేసుకుని వణుకుతున్నవాణ్ణి నేనే. తలుపు తీయండి."

"లవోనూ! నా స్వెట్టరేదీ! జుట్టు! మూతి మీద కేకు ఉందా?"

"ఉంది. స్వెట్టరు ఇందాకే వేసుకోమన్నానా లేదా? వెళ్లు, వెళ్లు తలుపు తియ్యి!"

"నమస్కారం, ఆర్డిస్ గారూ. మూడోసారి అడుగుతున్నా. మా ఊరు వస్తారా?"

"వస్తాను. వస్తానండీ. పెట్టె కూడా సర్దేసుకున్నా. అయ్యో, అలా నిలబడిపోయారేం? లోపలికి రండి, వేడివేడి కాఫీ ఉంది."

"అబ్బే, మీకెందుకు శ్రమ."

"శ్రమేంటండీ, చలికి పెదాలు నీలంగా అయిపోతుంటే! రండి లోపలికి."

"వద్దులెండి, ఇంటిదగ్గర కోళ్లని చూసేవాళ్లు లేరు."

"మీకు కోళ్లెక్కడివి?"

"లేవండీ. రెండోసారికి ఏదో ఒకటి అనాలట, పోయిన వారం మీ చెల్లెలుగారే ఫోన్ చేసి గంటసేపు నేర్పారు. ఆ మూడోసారి కాస్త తొందరగా పిలవండి, కాళ్లు కొయ్యబారిపోతున్నాయి."