గాలిలో వాటా

హాల్లో ఓడరేవు వాళ్ళ ముందు ప్రదర్శన ముగిసింది. వైర్‌లెస్ పెట్టెల కంపెనీ నడిపే అన్న, వాటికి ప్రోగ్రామ్ రాసే చెల్లెలిని వసారాలో అందుకున్నాడు.

“అందరూ లేచి చప్పట్లు కొట్టారే! నీకా మొహమేంటి?”

“ఏం లేదులే.”

“నువ్వు చెప్పిన ఆ నెత్తురు తాగే గబ్బిలాల కథ మాత్రం అదిరింది. కడుపు నిండినది ఆకలిగా ఉన్నదానికి పెడుతుందనీ...”

“పెట్టించుకుని, తిరిగి పెట్టనిదాన్ని మిగతావి పట్టించుకోవనీ.”

“అదే, అదే! పెట్టెలూ అంతే అన్నావు చూడు. ఖాళీగా ఉన్నది తన రేడియో తరంగాలు పక్క కంపెనీ పెట్టెని వాడుకోనిస్తుంది, తనకి అవసరమైతే అది దీనికిస్తుంది. ఓడరేవు వాళ్ళు నోరెళ్ళబెట్టారనుకో.”

“మధ్యలో తెరమీద ఒక పెట్టె ఆరిపోయింది, చూశావా?”

“చూడకేం? ఇవ్వకుండా లాక్కుంటోందని మిగతావన్నీ కలిసి దాన్ని పక్కన పెట్టేశాయి. చప్పట్లు అప్పుడేగా! ఎవరిదో పాపం.”

“మనది.”

“ఏంటీ?”

“మనదే, అన్నయ్యా. ‘మన పెట్టెలో కాస్త కక్కుర్తి పెట్టవే, ఎవడికి తెలుస్తుంది’ అని పక్కన కూర్చుని మరీ రాయించావు.”

“కాస్తేగా అన్నాను!”

“కాస్తే పెట్టాను. వాటికది చాలింది.”

“నువ్వైనా వద్దని చెప్పొద్దూ?”

“చెప్పాను. చెప్పినప్పుడల్లా నీకు ఫోనొచ్చేది.”

“సరే, సరే. ఆ ముక్క తీసెయ్. మళ్ళీ కలుపుకుంటాయిగా?”

“కలుపుకుంటాయి. కొన్నాళ్ళు ఊరికే ఇస్తూ పోవాలి.”

“ఊరికేనా! ... చూద్దాంలే. ఇదిగో, ఈ రేవు పని దొరకనీ, నిన్ను భాగస్వామిని చేసేస్తా. బోర్డు మీద నీ పేరు!”

“కంపెనీ పెట్టిననాడూ అదే అన్నావు.”

“అన్నాను, కాదన్నానా? కాస్త నిలదొక్కుకోనీ అన్నాను. ఇప్పుడా గొడవెందుకు? రేవు వాళ్ళు నీ చెవిలో ఏదో ఊదారు, అది చెప్పు ముందు.”

“ఒప్పుకున్నారు.”

“ఒప్పుకున్నారా! ఇంతసేపూ నాన్చుతావేంటే! రేవంతా ఇక మన పెట్టెలే!”

“నా పద్ధతికి ఒప్పుకున్నారు. పెట్టెలు పక్క కంపెనీవి.”

“పక్క... వాళ్ళవా? మరి, నువ్వేమన్నావు?”

“నీ కోటు గుండీ ఊడింది, చూసుకో.”

“గుండీ సంగతి తర్వాత. నువ్వేమన్నావమ్మా?”

“సోమవారం వచ్చి రేవులో చేరతానన్నాను.”