మా ఇంటిపేరువాళ్ళు ఎంతమంది?

పేర్ల నమోదు కార్యాలయం. అద్దానికి అటు గుమాస్తా అమ్మాయి; ఇటు గేట్ల మీద పేర్లు రాసే పెయింటరు, పక్కనే ఆయన భార్య.

"అయిదేగా? చెప్పెయ్ తల్లీ, గుండె రాయి చేసుకునే వచ్చాను."

"కంప్యూటరు తెరుచుకోనివ్వండి పెద్దాయనా. ప్రతి ఏడూ ఇదే తొందర మీకు."

"తెరుచుకునేదేముంది? నిరుడు ఆరుగురం. నేను, ఇదిగో ఈవిడ, పిల్లల్లేని మా తమ్ముడూ మరదలూ, పెళ్ళీ పెటాకులూ లేని మా బాబాయి, మా అమ్మాయి. ఇప్పుడు అమ్మాయి పెళ్ళి చేసుకుని పోయింది. ఆరులో ఒకటి తీస్తే అయిదు. మా ఇంటిపేరు కొండెక్కడానికి ఇంకెంతో దూరం లేదు."

"పోయింది అనకండి. పెళ్ళి చేసుకుంది, అంతే."

"నువ్వూరుకో. ఇంకెవరూ దొరకనట్టు ఆ ఇంటిపేరువాణ్ణే చేసుకోవాలా? చూడు తల్లీ, ఈ ఊళ్ళో వీధికి పది గేట్ల మీద ఆ ఇంటిపేరే. రాసి రాసి విసుగొచ్చి, అట్టముక్క మీద అక్షరాలు కోసి పెట్టుకున్నాను. గేటుకి ఆనించి రంగు కొట్టడమే. అలాంటి గుంపులోకి నా కూతురు..."

"అందుకని ఆ కుర్రాణ్ణి గుమ్మంలోంచే పంపించేశారమ్మా, మంచినీళ్ళు కూడా ఇవ్వకుండా. ఎనిమిది నెలలైంది, ఈయనకి కూతురితో మాటల్లేవు."

"ఏడు."

"ఎనిమిదమ్మా, నేను లెక్కపెట్టాను."

"నెలలు కాదండీ, మనుషులు. మీ ఇంటిపేరువాళ్ళు ఈసారి ఏడుగురు."

"మళ్ళీ చూడు."

"మళ్ళీ చూశాను. ఏడే."

"తగ్గాల్సింది పెరిగిందా? ఏమే... బాబాయి గానీ ఈ వయసులో..."

"ఛ! ఎనభై రెండేళ్ళ మనిషిని పట్టుకుని ఏం మాటలవి!"

"ఏమో, ఈ మధ్య మీసానికి రంగేస్తున్నాడు. నా డబ్బాలోంచే తీస్తున్నాడని అనుమానం కూడా."

"ఏడంటే బాగానే ఉందిగా. పదండి, ఇంటికి పోదాం."

"బాగుంటే సరా? ఎవరో తెలియొద్దూ? తల్లీ, పేరు చెప్పు."

"పేర్లు చెప్పకూడదండీ. లెక్క ఒక్కటే చెప్పాలి."

"పేరొద్దు. వయసు చెప్పు. వయసు కూడా లెక్కేగా."

"ఏంటో మీతో... మగ. ముప్పై ఒక్క ఏళ్ళు."

"పసిబిడ్డేమో అనుకున్నానే! ముప్పై ఒక్క ఏళ్ళవాడు ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాడు?"

"పుట్టినవాళ్ళ కింద లేదండీ. పేరు మార్చుకున్నవాళ్ళ కింద ఉంది. అమ్మగారూ, మీరైనా చెప్పండి, నన్ను ఇరికించకండి."

"ఈవిడకేం తెలుసు? ఏమే, నీకేం తెలుసు? గోడకేసి చూస్తావేం?"

"క్యాలెండరు చూస్తున్నాను."

"ఏమే!"

"అబ్బ, అరవకండి. మన అల్లుడు. ఈ కౌంటరు దగ్గరే తన ఇంటిపేరు తీసేయించుకుని మనది పెట్టుకున్నాడు. అమ్మాయి అసలు మార్చుకోనే లేదు. సాక్షి సంతకం నేను పెట్టాను. చాలా?"

"నువ్వా?"

"నేనే. 'మావాళ్ళు వేలకు వేలున్నారత్తయ్యా, నేనొక్కణ్ణి లేకపోతే ఏం లోటు' అన్నాడు."

"వాడికి మంచినీళ్ళు కూడా ఇవ్వలేదే నేను."

"ఇవ్వలేదు."

"సిగ్గుగా ఉందే. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని పలకరించను?"

"ఉన్న మొహమే పెట్టుకోండి. సాయంత్రం ఇద్దర్నీ భోజనానికి రమ్మన్నాను."

"ఏడుగురం! విన్నావా తల్లీ? రేపు పిల్లలు పుడితే ఎనిమిది, తొమ్మిది... వాళ్ళ గేటు మీద పేరు నేనే రాస్తాను. చేత్తో రాస్తాను, ఒక్కో అక్షరం!"

"అమ్మాయీ, కంప్యూటరు కట్టెయ్యకు. ఇంకో ఇంటిపేరు చూసిపెట్టు. మా పుట్టింటిది. ఇదిగో, చీటీ మీద రాసి తెచ్చాను."

"చీటీ ఎప్పుడు రాశావు?"

"ప్రతి ఏడూ రాసి తెచ్చుకుంటున్నా. మీరేమో ఆరు, అయిదు అని ఒకటే గోల. మధ్యలో నాదేం అడగనని మళ్ళీ పర్సులో పెట్టేసుకునేదాన్ని."

"అమ్మగారూ... ఎవరూ లేరండీ. సున్నా వస్తోంది."

"సరిగ్గా కొట్టావా? ఇంకోసారి చూడమ్మా."

"చూశానండీ. పన్నెండేళ్ళ క్రితం వరకూ ఒకరున్నారు."

"మా అన్నయ్య."

"ఇన్నేళ్ళలో ఈ మాట ఎప్పుడూ అనలేదే నువ్వు?"

"నా పెళ్ళికి మా నాన్న కూడా ఇలాగే వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడేమో. మీరెప్పుడైనా అడిగారా?"

"లేదు. నాకు తట్టనే లేదే."

"పోనీలెండి. ఇప్పుడు మీరు ఏడుగురు. ఒకరు తగ్గినా నిరుటి ఆరుకి ఢోకా లేదు. అమ్మాయీ, పేరు మార్చుకునే ఫారం నాకొకటి ఇవ్వు. ఆ సున్నా చూడబుద్ధి కావట్లేదు."